కరాచీ మంటలు, ప్రొద్దుటూరు ఫోన్లు: యుద్ధకాల ప్రచారంపై ఒక పరిశీలన

యుద్ధవేళ సోషల్ మీడియా మీద తెలుగులో వచ్చిన వ్యాసాల్లో ఒక వాదన పాతుకుపోయింది. అబద్ధం వాట్సాప్‌లో పుడుతుందట, చదువు తక్కువైన పల్లె దాన్ని నమ్ముతుందట, పాపం టీవీ చివర్లో మోసపోతుందట. రాయలసీమ ప్రస్తావన వస్తే దీనికి కరువూ ఫ్యాక్షనూ తోడవుతాయి. ఈ మాట రాసినవారు సీమలో ఒక్క ఫోనైనా తెరిచి చూశారా అన్నది నా అనుమానం. 2025 మేలో పాకిస్థాన్‌పై జరిగిన ఆపరేషన్ సిందూర్ నాడు తిరిగిన వీడియోలను కర్నూలు, కడప జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో వెతికితే, వరుస సరిగ్గా తలకిందులుగా కనబడింది.

మే 8 రాత్రినే తీసుకుందాం. మన నౌకాదళం కరాచీ ఓడరేవును ధ్వంసం చేసిందని జాతీయ చానళ్లు హోరెత్తించాయి. ఆ ఏడాది జనవరి 31న ఫిలడెల్ఫియాలో కూలిన విమానం తాలూకు మంటలు కరాచీ మంటలుగా చలామణి అయ్యాయి. మే 11న వైస్ అడ్మిరల్ ఏ.ఎన్. ప్రమోద్ విలేకరులతో అన్నదల్లా, కరాచీ సహా లక్ష్యాలను కొట్టడానికి నౌకాదళం సిద్ధంగా ఉండిందని. కొట్టిందని కాదు.

ప్రొద్దుటూరులో ఒక బట్టల దుకాణం గుమాస్తా ఫోన్‌లో ఆ వార్త ఇంకా ఉంది. అది చానల్ పెట్టిన క్లిప్పు కాదు, ఎవరో ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఫోన్‌తో తీసింది. తెర మూలన ట్యూబులైటు మెరుస్తోంది, ఫ్యాను రొద వినిపిస్తోంది, మధ్యలో ఒక గొంతు "సౌండు పెంచురా" అంటుంది. గమనించాల్సింది ఏమిటంటే, దానిమీద రెండు బాణాల గుర్తు లేదు. వాట్సాప్‌లో కనీసం ఐదుసార్లు ఫార్వర్డయిన సందేశానికి ఆ గుర్తు పడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపగలం. టీవీ తెరను మళ్లీ చిత్రీకరిస్తే మాత్రం అది కొత్త వీడియో, లెక్క మళ్లీ మొదటినుంచే. కంపెనీ కట్టిన కట్టడిని, అదొకటుందని కూడా తెలియకుండానే, జనం దాటేశారు. నేను చూసిన యుద్ధ వీడియోల్లో ఎక్కువ భాగం ఈ తరహావే.

ఆ గుమాస్తా డిగ్రీ చదివినవాడు. అతను నమ్మింది వాట్సాప్‌ను కాదు. "టీవీలోనే వచ్చిండాది సార్, ఇంగ అనుమానమేముంది?" అన్నాడు. నిరక్షరాస్యతా వాదం ఈ ఒక్క మాటతోనే కూలుతుంది.

కర్నూలులో దీనికి ఇంకో పొర ఉంది. అక్కడి డీఆర్‌డీఓ నేషనల్ ఓపెన్ ఏరియా రేంజ్‌లో 2025 ఏప్రిల్ 13న 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. అది పరీక్ష మాత్రమే. నెల తిరక్కముందే "పాక్ డ్రోన్లను కూల్చింది మన కర్నూలు లేజరే" అన్న మాట ఓర్వకల్లు హోటళ్లలో వినబడింది. సొంతూరి గర్వం అండగా ఉన్న వదంతికి ఆధారం అడిగేవాడెవడు?

కేంద్ర ప్రభుత్వపు పీఐబీ ఫ్యాక్ట్ చెక్, హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటివి ఆ రోజుల్లో ఖండనలు ఇచ్చిన మాట నిజమే.

కానీ కత్తెర ఎవరిమీద పడిందో చూడాలి. భారత ప్రభుత్వం 8,000కు పైగా ఖాతాలను నిలిపేయమని ఆదేశించిందని మే 8న ఎక్స్ సంస్థే ప్రకటించింది. వాటిలో మక్తూబ్ మీడియా, ఫ్రీ ప్రెస్ కశ్మీర్ అనే వార్తాసంస్థల ఖాతాలు ఉన్నాయి. మర్నాడు ద వైర్ వార్తా సైటు ఆగింది. కరాచీని తగలబెట్టిన చానళ్లు మాత్రం మే 8 రాత్రంతా నడిచాయి. అంటే యుద్ధకాలంలో వేదికలు ఆపింది అబద్ధాన్ని కాదు, స్వతంత్ర వార్తను. సీమకే కాదు, దేశమంతటికీ ఇదే వర్తిస్తుంది.

చానళ్లు తమ ప్రసారాల రికార్డును 90 రోజులు ఉంచితే చాలని నిబంధన. మే 8 రాత్రికి ఆ గడువు ఆగస్టు మొదటి వారంలోనే తీరిపోయింది. ఆ ప్రసారాలకు ఈ ఫోన్లలోనే సాక్ష్యం ఉంది కాబట్టి, కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఈ ఫోన్ వీడియోలను ఇప్పుడే సేకరించి భద్రపరచాలి. మీ గ్రూపుల్లో ఉన్నవాటిని దయచేసి చెరిపేయకండి.