ఖాళీ పుటల కబురు

1967వ సంవత్సరములో జరిగిన మూడు సంగతులను మొదట జ్ఞాపకము చేసికొందము. ఆ సంవత్సరము ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరము కాలువలలోనికి నీరు విడువబడెను. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములలో వరిసాగు విస్తరించెను. వరితోపాటు బియ్యపు మిల్లులు, మిల్లులతోపాటు గోదాములు వెలసెను. అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్థాపింపబడెను. రెండేండ్లకే, 1969లో, ఆ సంస్థనుండి టి.డి.సి.-12 అను కంప్యూటరు వెలువడెను. ఇక మూడవ సంగతి. 1967 జనవరిలో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున, ఐ.బి.ఎం. సంస్థవారి కేంద్రములో, ఒక కంప్యూటరు తానొక్కటియే యుండి పదునాలుగు కంప్యూటర్లవలె పనిచేయుట ఆరంభించెను.

ఈ వ్యాసము మూడవ సంగతిని గూర్చినది. అయితే దానిని బోధపరచుకొనుటకు మొదటి సంగతివలన మన ప్రాంతమున వెలసిన గోదాములే మనకు తోడ్పడును.

తాళము వేసిన గది

మిర్యాలగూడలో నూరు గదుల గోదాము ఒకటి ఉన్నదనుకొందము. యజమాని ఆ గదులను పదిమంది వర్తకులకు ఇచ్చినాడు. ఎవరి గదులకు వారు తాళము వేసికొందురు. లోపల ఏమున్నదో చూచుట యజమాని పని కాదు. ఒక వర్తకుడు తన ధాన్యమంతయు అమ్మివేసెను. గదులు ఖాళీ అయినవి. కాని అతడు తాళము తీయలేదు, యజమానికి కబురు చేయలేదు. మరునాడు సూర్యాపేటనుండి ఇంకొక వర్తకుడు లారీతో వచ్చి చోటు అడిగెను. యజమాని తాళములన్నియు చూచి, "ఒక్క గది కూడా లేదు" అని పంపివేసెను. గదులు ఖాళీగానే ఉన్నవి. లేనిదల్లా కబురు.

కంప్యూటరు మెమరీయు ఇట్టి గోదామే. అందులోని గదులకు పుటలని పేరు. పుటల పద్ధతి 1962 డిసెంబరులో ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ప్రారంభమైన అట్లాస్ కంప్యూటరుతో ఆచరణలోనికి వచ్చెను. టామ్ కిల్‌బర్న్ నాయకత్వమున దానిని నిర్మించినవారు మెమరీని 512 మాటల పుటలుగా విభజించిరి. మాట అనగా ఆ యంత్రము ఒక్కసారిగా చేపట్టు అంకెల సముదాయము. వేగముగల కోర్ మెమరీలో 16 వేల మాటలకే చోటుండెను. దానికంటె చాల నిదానమైన డ్రమ్ములో 96 వేల మాటలు పట్టెడివి. అప్పటికి అక్కరలేని పుటను డ్రమ్మునకు పంపి, కావలసిన పుటను తెచ్చుకొను పని యంత్రమే చూచుకొనెడిది. నేటి సాధారణ కంప్యూటర్లలో పుట పరిమాణము 4 కిలోబైట్లు.

ఒక యంత్రములో పెక్కు యంత్రములు

కేంబ్రిడ్జిలోని ఐ.బి.ఎం. శాస్త్రకేంద్రము 1964లో ఏర్పడెను. అచటి రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మొదలగువారు ఈ పుటల పద్ధతిని ఇంకొక మెట్టు పైకి తీసికొనిపోయిరి. ఒకే కంప్యూటరును పెక్కుమంది వాడుకొనవలసి వచ్చినపుడు, ప్రతివానికిని ఒక పూర్తి కంప్యూటరు తనకే ఉన్నదన్న భ్రమ కల్పించిన బాగుండును గదా అని వారి ఆలోచన. సి.పి.-40 అను వారి ప్రోగ్రాము ఇట్టి పదునాలుగు మిథ్యాయంత్రములను నడిపెను. వీనినే నేడు వర్చువల్ మెషీనులని పిలుచుచున్నారు. వీనిని మోయు అసలు యంత్రమును ఆతిథేయి అనియు, ఒక్కొక్క మిథ్యాయంత్రమును అతిథి అనియు మనము వ్యవహరింతము.

ఆతిథేయి మెమరీని పంచు పద్ధతిలో ఒక కిటుకు ఉన్నది. అతిథికి 4 గిగాబైట్లు ఇచ్చితినని చెప్పినంతమాత్రాన అంతయు అప్పుడే ఇచ్చివేయదు. అతిథి ఒక పుటను మొదటిసారి తాకినపుడే దానికి నిజమైన పుటను కేటాయించును. కావున ఉన్నదానికంటె ఎక్కువ మాట ఇచ్చి కూడ పని జరుపవచ్చును. చిక్కు వచ్చునది ఆ తరువాత. అతిథి లోపలి ఆపరేటింగ్ సిస్టము ఆ పుటను వాడి, పని తీరగనే తన ఖాళీ జాబితాలో వ్రాసికొనును. ఆ జాబితా అతిథికి సొంతము. ఆతిథేయికి కనబడునది, ఆ పుట ఒకప్పుడు తాకబడినదన్న సంగతి మాత్రమే. గోదాము యజమానికి తాళము కనబడినట్లే ఇదియును.

ఐ.బి.ఎం.వారికి ఈ చిక్కు ముందే తెలియును. 1972 ఆగస్టులో ప్రకటింపబడిన వి.ఎం./370 లో దీనికి చక్కని మార్గము ఉండెను. డయాగ్నోజ్ అను యంత్రాజ్ఞ మొదట మరమ్మతు పనులకై ఏర్పడినది. దానినే వారు అతిథి ఆతిథేయితో మాటలాడు సాధనముగా మార్చిరి. ఆ ఆజ్ఞతోపాటు, పదహార్ల సంఖ్యామానములో 10 అను సంకేతమును పంపినచో, "ఈ పుటలతో నాకు పని తీరినది, తీసికొనుము" అని అర్థము. ఇట్లు 1970ల నాటికే ఖాళీ గది కబురు చేరవేయు పద్ధతి ఉన్నది. అది సాధ్యమగుటకు కారణమేమి? అతిథిని, ఆతిథేయిని వ్రాసినవారు ఒకే సంస్థవారు. అతిథికి తాను అతిథినని తెలియును.

ఊక బస్తాల ప్రయాణము

తరువాత కాలమున చిన్న కంప్యూటర్లు చౌకగా లభించుటచే మిథ్యాయంత్రములపై ఆసక్తి తగ్గెను. 1990లలో అది మరల మేల్కొనెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మెండెల్ రోజెన్‌బ్లమ్, ఎడువార్డ్ బున్యాన్, స్కాట్ డివైన్ అనువారు 1997లో డిస్కో అను ప్రయోగమును ప్రకటించిరి. మరుసటి సంవత్సరమే వారును మరి ఇద్దరును కలసి వి.ఎం.వేర్ సంస్థను స్థాపించిరి. అయితే ఈసారి అతిథులుగా వచ్చిన ఆపరేటింగ్ సిస్టములు ఇతరులు వ్రాసినవి. తాము సొంత కంప్యూటరుమీదనే ఉన్నామని వాని నమ్మకము. సొంత ఇంటివాడు ఖాళీ గదిని గూర్చి ఎవరికి కబురు చేయును? పాత కబురు పద్ధతి ఈ యంత్రములకు అందలేదు.

ఫలితము చోటు దండుగయగుట మాత్రమే కాదు. మన గోదాము యజమానికి చోటు చాలక, ఒక గదిలోని బస్తాలను లారీలో కోదాడకు పంపెననుకొందము. ఆ బస్తాలలో ఉన్నది పారవేయవలసిన ఊక అని అతనికి తెలియదు. కొన్నాళ్లకు వర్తకుడు గది తెరువబోగా, యజమాని ఆ ఊకను భద్రముగా కోదాడనుండి తెప్పించి యథాస్థానమున పెట్టించును. వర్తకుడు వెంటనే దానిని పారబోసి కొత్త ధాన్యము నింపును. రెండు లారీల బాడుగ వృథా. ఆతిథేయి అతిథి విడిచిన పుటను డిస్కునకు వ్రాయుట, మరల చదివి తెచ్చుట ఇట్టిదే. డిస్కు మెమరీకంటె ఎన్నో రెట్లు నిదానమైనది కావున యంత్రమంతయు మందగించును.

బుడగ యుక్తి

దీనికి 2002 డిసెంబరులో వి.ఎం.వేర్ శాస్త్రజ్ఞుడు కార్ల్ వాల్డ్‌స్పర్జర్ ఒక యుక్తిని వివరించెను. అతిథి లోపల ఒక చిన్న డ్రైవరు ప్రోగ్రామును ఉంచవలెను. ఆతిథేయికి మెమరీ కావలసినపుడు ఆ డ్రైవరునకు చెప్పును. డ్రైవరు సాధారణ ప్రోగ్రామువలెనే అతిథిని మెమరీ అడుగును. అతిథి తన జాబితా చూచుకొని, అక్కరలేని పుటలను దానికి ఇచ్చును. డ్రైవరు ఆ పుటల సంఖ్యలను ఆతిథేయికి అందించును. అతిథి లోపల బుడగ ఊదినట్లు డ్రైవరు ఉబ్బుచుండును గనుక దీనికి బుడగ పద్ధతియని పేరు వచ్చెను. అతిథిని మార్చకయే, అతనికి తెలిసినదానిని అతనిచేతనే చెప్పించుట దీనిలోని తెలివి.

ఆ పరిశోధకుడే వాడని మెమరీపై ఒక విధమగు పన్నును కూడ ప్రతిపాదించెను. ఏ పుటలు వాడుకలో ఉన్నవో తెలిసికొనుటకు, ప్రతి 30 సెకండ్లకు ఒక్కొక్క అతిథిలో 100 పుటలను యాదృచ్ఛికముగా ఎన్నుకొని పరీక్షింతురు. పుటలు ఊరక అట్టిపెట్టుకొన్న అతిథినుండి మెమరీని ముందుగా తీసికొందురు. పాఠశాలలో సంఖ్యాశాస్త్రము బోధించువారికి ఇది మంచి ఉదాహరణము. లక్షలాది పుటలను లెక్కింపక, నూరు పుటల నమూనాతో నిర్ణయము చేయుచున్నారు.

బుడగకును కొరతలు ఉన్నవి. ఆతిథేయి ముందుగా అడుగవలెను. ఎంత అడుగవలెనో దానికి సరిగా తెలియదు. తక్కువ అడిగిన చోటు దండుగ, ఎక్కువ అడిగిన అతిథికి ఊపిరాడదు. అట్టి సమయమున అతిథి తన ప్రోగ్రాములనే చంపుకొనవలసి వచ్చును. 2008లో లినక్సునకు వచ్చిన బుడగ డ్రైవరులోను ఈ కొరతలు ఉండెను.

అడుగకయే చెప్పుట

తుదకు 2020 మే నెలలో వెలువడిన లినక్సు 5.7 లో తిన్నని మార్గము వచ్చెను. నితేష్ నారాయణ్ లాల్ మొదలగువారు అంతకుముందు కొంత కృషి చేసియుండిరి. స్వీకరింపబడిన రూపమును అలెగ్జాండర్ డైక్ సిద్ధపరచెను. ఇందులో ఆతిథేయి అడుగ నక్కరలేదు. తన వద్ద ఖాళీ పుటలు చేరినపుడు అతిథియే కబురు చేయును.

ఆ కబురు పంపుటలో మూడు జాగ్రత్తలు ఉన్నవి. మొదటిది, ఒక్కొక్క చిన్న పుటకు ఒక్కొక్క కబురు పంపిన ఖర్చు ఎక్కువ. కెన్నెత్ నోల్టన్ 1965లో వివరించిన జంట పద్ధతిలో, ప్రక్కప్రక్కనున్న రెండు ఖాళీ ముక్కలు కలసి ఒక పెద్ద ముక్క అగును. ఆ పెద్దవి రెండు కలసి ఇంకను పెద్దదగును. ఇట్లు 512 పుటలు కలసి 2 మెగాబైట్ల ముక్క అయిన తరువాతనే, సాధారణముగా, కబురు పోవును. రెండవది, ఖాళీ అయిన క్షణమే చెప్పరు. అది మరుక్షణమే మరల అవసరపడవచ్చును గదా. కావున సుమారు రెండు సెకండ్లు ఆగుదురు. మూడవది, కబురు చేరి జవాబు వచ్చువరకు ఆ పుటలను జాబితానుండి తీసి ప్రక్కన ఉంచుదురు. లేనిచో ఒకవైపు కొత్త ధాన్యము నింపుచుండగా మరొకవైపు యజమాని గదిని ఇతరులకు ఇచ్చివేయును.

కబురు అందిన పిదప ఆతిథేయి ఆ పుటలను తీసికొని ఇతరులకు ఇచ్చును. అతిథికి మరల కావలసినచో దానిని తాకిన చాలును, సున్నలతో నిండిన కొత్త పుట లభించును. పాత వర్తకుని సరకు కొత్త వర్తకుని కంట పడకుండ గది ఊడ్చి ఇచ్చుట ఇక్కడ మర్యాద మాత్రమే కాదు, రక్షణ కూడ.

ఒక లెక్క చూతము. సూర్యాపేటలోని ఒక కళాశాల ప్రయోగశాలలో 16 గిగాబైట్ల మెమరీగల యంత్రము ఉన్నదనుకొందము. దానిపై విద్యార్థులకై ఆరు అతిథి యంత్రములు, ఒక్కొక్క దానికి 4 గిగాబైట్ల మాట. సాధారణముగా ఒక్కొక్కటి 1 గిగాబైటు వాడును. కాని దినములో ఒక్కసారి ఒక పెద్ద లెక్కకై 4 గిగాబైట్లును తాకును. కబురు లేనిచో సాయంత్రమునకు ఆతిథేయి లెక్కలో 24 గిగాబైట్లు. ఉన్నది 16 కావున 8 గిగాబైట్లు డిస్కునకు పోవలెను. కబురు ఉన్నచో, పెద్ద లెక్కలు ఒకదాని తరువాత ఒకటి జరిగినపుడు, గరిష్ఠ అవసరము 4 గిగాబైట్లును, మిగిలిన ఐదింటికి 5 గిగాబైట్లును కలసి 9 మాత్రమే. కొత్త మెమరీ కొననక్కరలేదు.

ఈ పద్ధతియు సర్వరోగనివారిణి కాదు. అతిథి చదివిన ఫైళ్ల నకళ్లను, మరల పనికివచ్చునేమోయని, మెమరీలోనే దాచుకొనును. అట్టి పుటలు ఖాళీ జాబితాలో ఉండవు, కబురులోనికి రావు. ఆరుగురు అతిథులును ఒకే గడియలో 4 గిగాబైట్లు కోరినచో మరల డిస్కే గతి. ఎవరు ఎంత మాట ఇచ్చితిమో లెక్క చూచుకొనక తప్పదు.

ఇ.సి.ఐ.ఎల్. పుట్టిన హైదరాబాదులోనే 2022 నవంబరులో అమెజాన్ సంస్థవారి క్లౌడు కేంద్రములు ప్రారంభమైనవి. అట్టి కేంద్రములలో ఒక్కొక్క యంత్రముపై పెక్కు అతిథులు నివసించును. మన విద్యార్థులలో కొందరు రేపు వానిని నడుపబోవువారే. ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. లినక్సు కంప్యూటరుపై ఫ్రీ అను ఆజ్ఞ ఇచ్చి, ఖాళీ మెమరీ ఎంతయో వ్రాసికొనుడు. ఒక పెద్ద ఫైలును చదివించి మరల ఆ ఆజ్ఞనే ఇండు. ఏ ప్రోగ్రామును నడువకున్నను ఖాళీ తగ్గియుండుట కనబడును. ఆ మెమరీ ఎక్కడికి పోయెనో, దానిని గూర్చి ఆతిథేయికి కబురు చేయవచ్చునో లేదో విద్యార్థులనే ఆలోచింపనిండు.