మీథేన్ లెక్క: ధ్రువ సముద్రం నుంచి బస్తర్ వరి మడి వరకు

భూతాపాన్ని పెంచుతున్న వాయువుల్లో కార్బన్ డయాక్సైడ్ తర్వాతి స్థానం మీథేన్‌ది. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలోని ప్రతి వంద కోట్ల అణువుల్లో సుమారు 700 మాత్రమే మీథేన్‌వి కాగా, నేడు ఆ సంఖ్య 1,900 దాటింది. అయితే గాలిలో ఎంత ఉందో తెలిసినంత మాత్రాన అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

పుట్టినదంతా గాలిలో కలవదు

నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల పశ్చిమాన సముద్రగర్భం నుంచి మీథేన్ బుడగలు వెలువడుతున్నాయి. 2014 వేసవిలో శాస్త్రవేత్తలు నౌక, విమానం, జెప్పెలిన్ కొండపై ఉన్న పరిశీలన కేంద్రం సాయంతో అక్కడ కొలతలు తీశారు. అడుగున నీటిలో మీథేన్ పుష్కలంగా ఉన్నా, పైనున్న గాలిలో చెప్పుకోదగిన పెరుగుదల కనిపించలేదు. ఆ కొండకు చేరువలోని న్యూ ఆలెసుండ్‌లోనే భారత్ 2008లో హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని ప్రారంభించింది.

బస్తర్ నేలల తీరు

వరి మడికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ పీఠభూమిలో సాగు భూములను ఎత్తు నుంచి పల్లానికి మర్హాన్, టిక్రా, మాల్, గభార్ అని పిలుస్తారు. పల్లపు గభార్‌లో నీరు నిలిచి, మట్టిలో ఆక్సిజన్ తగ్గి, సూక్ష్మజీవులు మీథేన్‌ను ఉత్పత్తి చేస్తాయి. కొంత భాగాన్ని మట్టిలోని మరో రకం సూక్ష్మజీవులే హరిస్తాయి. మిగిలినది ప్రధానంగా వరి మొక్కలోని గాలి గొట్టాల గుండా బయటపడుతుంది. నీరు నిలవని మర్హాన్‌లో ఈ ప్రక్రియ నామమాత్రమే.

కొలిచే విధానం

పొలంలో మొక్కలపై మూసిన పెట్టె ఉంచి, నిర్ణీత వ్యవధుల్లో సిరంజితో గాలి నమూనాలు తీసి విశ్లేషిస్తారు. ప్రాంతీయ స్థాయిలో గాలిని నిరంతరం పరీక్షిస్తారు. తెలంగాణలోని షాద్‌నగర్‌లో జాతీయ దూరసంవేదన కేంద్రం 2014లో జరిపిన కొలతల్లో మీథేన్ వర్షాకాలం తర్వాత గరిష్ఠంగా నమోదైంది. కార్బన్ ఐసోటోపుల నిష్పత్తి మూలాన్ని సూచిస్తుంది: మడులు, పశువుల నుంచి వచ్చే మీథేన్‌లో కార్బన్-13 వాటా తక్కువ, బొగ్గు గనులు, చమురు క్షేత్రాల మీథేన్‌లో ఎక్కువ.

లెక్క తప్పితే

మీథేన్‌ను 2030 నాటికి 30 శాతం తగ్గించాలన్న 2021 నాటి అంతర్జాతీయ ప్రతిజ్ఞలో భారత్ చేరలేదు. వరి, పశువుల ఉద్గారాలు చిన్న రైతుల మనుగడకు సంబంధించినవని ప్రభుత్వ వాదన. మడిని మధ్యమధ్య ఆరగట్టి మళ్లీ నీరు పెడితే మీథేన్ తగ్గుతుంది. వానపై ఆధారపడిన గభార్ రైతు చేతిలో ఆ నీటి నియంత్రణ ఉండదు. మర్హాన్‌కూ గభార్‌కూ ఒకే రేటు వర్తింపజేస్తే, అసలు వెలువడని వాయువు కూడా రైతు ఖాతాలో చేరుతుంది.