ఇనప కోడిపెట్ట

కిందటి వేసవిలో ఆరిజోనాలో మా అబ్బాయి దగ్గరున్నాను. ఓ రోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చూద్దును కదా, పక్కింటి గరాజులోంచి నిప్పురవ్వలు! రిటైరైన పెద్దమనిషి ఒకాయన గ్యాసుమంటతో ఇనప పలక కోస్తున్నాడు. మా మనవరాలు, పన్నెండేళ్ళది, కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని వారగా నిలబడి చూస్తోంది. మంట ఆగాక నేలమీద టంగుమని పడ్డది ఒక కోడిపెట్ట. అరచేతిలో ఇమిడేటంత పెట్ట.

"ఏమిటే ఇది, బొమ్మలకొలువుకా?" అన్నాను.

"కాదు బామ్మా, కాల్చడానికి" అంది.

నా కాఫీ చల్లారిపోయింది.

సంగతేమిటంటే, అక్కడి పల్లెల్లో, చిన్న ఊళ్ళలో ఫోర్-ఎచ్ అని పిల్లల సంఘాలున్నాయి. 1902లో ఒహాయోలో మొదలైన ముచ్చట. మొదట్లో అబ్బాయిలకి మొక్కజొన్న సాగు, అమ్మాయిలకి టమాటాలు డబ్బాల్లో నిలవచెయ్యడం, ఇలాంటివి నేర్పేవారు. ఇప్పుడు కుట్లూ వంటలూ దూడల పెంపకంతో పాటు తుపాకీ గురి కూడా ఉంది. మా మనవరాలికి కుట్లు నచ్చలేదు. గురి నచ్చింది. మా కోడలికి మాత్రం ఈ వ్యవహారం బొత్తిగా గిట్టదు. "బళ్ళల్లో కాల్పులని వారానికోసారి వింటున్నాం, మన పిల్ల చేతికి మనమే ఇవ్వాలా అత్తయ్యా?" అని నన్ను సాక్ష్యానికి పిలిచింది. ఆవిడ భయంలో తప్పేముంది చెప్పండి? కానీ నేను గట్టిగా ఔననలేకపోయాను. ఎందుకంటే ఆ పాపం నేనూ చేశాను మరి!

మన దేశంలో ఎన్.సి.సి. 1948లో పుట్టింది. మరుసటి ఏడు, 1949లో, ఆడపిల్లల విభాగం కూడా పెట్టారు. డెబ్బైల్లో నేను కాలేజీలో ఉండగా అందులో చేరాను. ఇంట్లో మా నాయనమ్మ, "ఆడపిల్లకి తుపాకేమిట్రా, పెళ్ళికొడుకు హడిలిపోడూ!" అని మా నాన్నని దులిపేసింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. గోనెపట్టా మీద బోర్లా పడుకోబెట్టి, పాయింట్ టూ టూ రైఫిలు ఇచ్చి, అయిదు తూటాలు కాల్పించారు. ఎదురుగా కాగితం. కాల్చాక అది ఏమీ చెప్పదు. అందరూ కాల్చడం అయ్యాక, హవల్దారుగారు విజిలేస్తే, నడిచి వెళ్ళి చూసుకోవాలి. నా కాగితం మీద ఒక్కటంటే ఒక్క చిల్లు! మిగతా నాలుగూ ఏ గట్టులో ఉన్నాయో ఇప్పటికీ తెలీదు.

ఆ పాయింట్ టూ టూ కథ తమాషాగా ఉంటుంది. 1845లో పారిస్‌లో ఫ్లోబేర్ అనే తుపాకుల పనివాడు, మందుగుండు అంటించే చిన్న రాగి టోపీకి బఠాణీలాంటి సీసపు గుండు అతికించాడు. యుద్ధానికి కాదు, డబ్బున్నవాళ్ళు భోజనాలయ్యాక హాల్లోనే సరదాగా గురి చూసుకోవడానికి. ఈ తూటాలో అంటుకునే మందు అడుగున అంచు మడతలో ఉంటుంది. ఆ అంచుమీద చిన్న దెబ్బ పడితే చాలు, దీపావళి కేపులాగ ఠప్పుమంటుంది. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు ఇదే పద్ధతిలో తూటా చేశారు. 1887లో స్టీవెన్స్ కంపెనీ పొడుగురకం తెచ్చింది. పిల్లలకి ఈనాటికీ నేర్పేది దానితోనే. చప్పుడు తక్కువ, భుజాన తన్నదు, ధర చవక. అలాగని బొమ్మ తుపాకీ కాదు సుమండీ, ఎత్తి కాలిస్తే గుండు మైలు దాటి పోగలదు.

కాగితం మాట్లాడదన్నాను కదా. మరి మాట్లాడే గురి ఎప్పుడొచ్చింది? మన నుమాయిష్‌లో బెలూన్లు పేల్చే కొట్టు ఉంటుందే, అమెరికా తిరనాళ్ళలో దానికి పెద్దక్కలాంటి కొట్లు వెనకటికి ఉండేవి. పోతపోసిన ఇనప బాతులు గొలుసుమీద వరసగా సాగిపోతుంటే పాయింట్ టూ టూతో కొట్టాలి. తగిలితే టంగుమని వెనక్కి వాలుతుంది. కానీ మా మనవరాలి కోడిపెట్ట పుట్టిల్లు అది కాదు. మెక్సికో.

అక్కడ వెనకటి రోజుల్లో పండగలకీ జాతరలకీ నిజం కోళ్ళనీ మేకపోతుల్నీ దూరంగా గుంజకి కట్టి కాల్చేవారట. ఎవరి గుండుకి ముందు నెత్తురు కనిపిస్తే జంతువు వాళ్ళది. సాయంత్రానికి నిప్పులమీద విందు. 1910 నాటి విప్లవంలో పాంచో వియ్యా సైనికులు ఖాళీగా ఉన్నప్పుడు ఇదే పందెం వేసుకునేవారని కథలుగా చెప్పుకుంటారు. మన సంక్రాంతి కోడిపందాలు తెలిసినవాళ్ళం, ముక్కుమీద వేలేసుకునే అర్హత మనకి లేదులెండి.

1948లో మెక్సికో నగరంలో డాన్ గొంజాలో అగిలార్ అనే ఆయన ఈ ఆటని ఉక్కుబొమ్మలతో ఆడించాడు. జంతువు పోయింది, దాని ఆకారం మిగిలింది. కోడి, అడవిపంది, టర్కీ కోడి, పొట్టేలు. పేర్లు మాత్రం నేటికీ స్పానిషువే: గయీనా, హవలీ, గువాహొలోతె, బొర్రేగొ. మూడోది స్పానిషు కూడా కాదు, అంతకుముందు నించీ అక్కడున్న నావాత్ భాషలోది. టర్కీ కోడి పుట్టిందే ఆ నేలమీద మరి. అరవైల్లో ఈ ఆట సరిహద్దు దాటి ఆరిజోనాకి వచ్చింది. 1973లో అమెరికా జాతీయ పోటీ టూసాన్‌లో జరిపారు. పెద్ద రైఫిళ్ళకయితే పొట్టేలు అయిదువందల మీటర్ల దూరాన నిలబడుతుంది, బరువు ఇరవై కిలోల పైమాటే. పాయింట్ టూ టూకి అన్నీ అయిదోవంతు. బొమ్మలూ అయిదోవంతు, దూరాలూ అయిదోవంతు. కోడి నలభై మీటర్లు, పంది అరవై, టర్కీ కోడి డెబ్భై ఏడు, పొట్టేలు వంద.

ఇది చదువుతుంటే నాకు ద్రోణాచార్యులు గుర్తొచ్చారు. కుర్రాళ్ళకి పరీక్ష పెట్టాలనుకున్నప్పుడు చెట్టుమీద ఉన్న ఏ పిట్టనో చూపించలేదాయన. పనివాళ్ళచేత బొమ్మపిట్టని చేయించి కొమ్మమీద పెట్టించారు. అర్జునుడికి పిట్ట తల తప్ప మరేమీ కనిపించలేదన్నది అందరం చెప్పుకుంటాం. ఆ పిట్ట చేసిన వడ్రంగి సంగతి ఎవరికీ పట్టలేదు. మా పక్కింటాయన మోచేతుల దాకా మసి పూసుకుని ఆకురాయి పడుతుంటే, ఆ వడ్రంగి ఇలాగే ఉండేవాడు కాబోలు అనుకున్నాను.

పని చూడ్డానికి తేలికే గానీ పట్టింపులు చాలా ఉన్నాయి. ముందు అట్టమీద బొమ్మ గీసి కత్తిరించి, దాన్ని పలకమీద పెట్టి సుద్దతో గీతలు గీశాడు. పెద్ద రైఫిళ్ళకి గట్టి ఉక్కు కావాలిట, దాన్ని మంటతో కోస్తే అంచుల్లో బిగువు పోతుందిట. పాయింట్ టూ టూది మెత్తటి సీసం కనక మామూలు ఇనప పలక చాలు. కోశాక అంచులు నున్నగా అరగదీసి, కాళ్ళకింద వెడల్పు రేకు అతికించాడు, పట్టామీద తనంతట తను నిలబడాలి కదా.

అన్నిటికన్నా పెద్ద పట్టింపు మొహం నునుపుగా ఉండటం. ఎందుకని అడిగితే ఆయన చెప్పినది నాకు వంటింటి లెక్కలో అర్థమైంది. కుళాయి కింద పళ్ళెం పెడితే నీళ్ళు పక్కలకి పోతాయి. గరిటె పెడితే? మన మొహంమీదికే చిమ్ముతాయి. సీసమూ అంతే. చదునైన పలకకి తగిలితే నలిగి అంచులవెంట చెదిరిపోతుంది. పలకమీద సొట్ట ఉందా, ముక్కలు తిప్పి కొడుతుంది. అందుకని సొట్టపడ్డ బొమ్మని నిర్దాక్షిణ్యంగా తుక్కులో పారేస్తారు. అందుకనే చూసేవాళ్ళు సహా అందరి కళ్ళకీ అద్దాలు. వేలాడదీసే పలకలయితే మొహం కాస్త నేలవైపు వంచి కడతారు. బొమ్మల వెనక ఎత్తయిన మట్టిగట్టు లేకపోతే అసలు ఆటే లేదు.

ఆ ఆదివారం నన్నూ తీసికెళ్ళారు. కోడలు రానంది. నిలబడి కాల్చాలి, దేనికీ ఆనుకోకూడదు. అయిదేసి బొమ్మలు వరసగా, ఎడమనించి కుడికి, రెండున్నర నిమిషాల్లో. వరస తప్పి కొడితే తగిలినా దండగ. కాల్చడం ఆగి, తుపాకులన్నీ ఖాళీచేసి కింద పెట్టేదాకా ఒక్క పిల్లా గీత దాటలేదు. మా ఇంట్లో "చెయ్యి కడుక్కోవే" అని పదిసార్లు చెప్పించుకునే పిల్ల, అక్కడ ఒక్క మాటకి రాయిలా ఆగిపోవడం చూసి నాకు ఆశ్చర్యమే కాదు, కొంచెం కోపం కూడా వచ్చింది.

అయిదు కోళ్ళలో మూడు పడ్డాయి. టంగుమన్న చప్పుడు, తెల్లబొమ్మ వెనక్కి ఒరగడం! నా కాగితం నాడు ఇలా బదులిచ్చి ఉంటే నేనూ మానేసేదాన్ని కాదేమో. చివరికి పొట్టేళ్ళు. మొదటి నాలుగూ చెక్కుచెదరలేదు. అయిదోది ఖంగుమని మోగింది, ఊగింది, మళ్ళీ నిలబడిపోయింది. నేను చప్పట్లు కొట్టబోయాను.

"పడలేదు బామ్మా. పడకపోతే లెక్కలోకి రాదు" అంది.

"తగిలిందిగా, మోగిందిగా, అందరం విన్నాంగా!" నేను ఊరుకుంటానా?

లెక్క రాసే ఆయన మా మాటలు అర్థంకాక నవ్వాడు. పిల్ల మాత్రం మారు మాట్లాడకుండా రంగు డబ్బా తీసుకుని అందరితోపాటు నడిచింది. సీసం మరకలమీద తెల్లరంగు కొట్టి, బొమ్మలన్నీ మళ్ళీ లేపి నిలబెట్టాలి, తరవాతి వరస పిల్లలకోసం. నేనూ వెనకాలే వెళ్ళి, తెల్లవారి ముగ్గు దిద్దినంత శ్రద్ధగా, నాలుగు కోళ్ళకి రంగేశాను. మోగిన పొట్టేలు పొట్టమీద రూపాయి బిళ్ళంత బూడిదరంగు మచ్చ ఉంది. దానికి రంగు వెయ్యబుద్ధి కాలేదు గానీ, నియమం నియమమే కదా, అదే వేసింది.

ఇంటికొచ్చేసరికి కోడలు చపాతీలు వత్తుతోంది. తల ఎత్తలేదు. పిల్ల చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది, సీసం అంటినచేత్తో ఏదీ ముట్టకూడదని అక్కడ గట్టిగా చెప్పారు. కుళాయి చప్పుడు ఆగాక కోడలు అప్పడాలకర్ర పక్కన పెట్టి, నా వైపు కాకుండా గోడవైపు చూస్తూ అడిగింది.

"ఎన్ని పడ్డాయేమిటి?"