సొంత మైదానము: బెంగుళూరు ఫుట్‌బాలు అభిమానులు, అచ్చటి తెలుగువారు

కర్ణాటకమున స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా శాసనములను, పాళెగాండ్ర వంశములను, వర్తకుల వలసలను, సంగీత సాహిత్యములను పరిశీలింతురు. అది యుక్తమే. కాని ఒక జనసమూహము ఒక నగరమున నిజముగా పాదుకొన్నదా, లేక బ్రతుకుతెరువునకై నిలిచినదా అను ప్రశ్నకు సమాధానము శాసనములయందే కాక, సాయంకాలము ఆటస్థలమున గుమికూడు జనులయందును దొరకును. వారు ఏ జట్టును 'మా జట్టు' అని చెప్పుకొందురు? ఎవరి ఓటమికి అన్నము మానుదురు? 2023 మార్చి 3వ తేదీ శుక్రవారమునాటి పోటీకై బెంగుళూరు ఫుట్‌బాలు అభిమానులు నిరీక్షించిన తీరును, దానికి వెనుకనున్న చరిత్రను ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

మొదట ఆ పోటీ ఎట్టిదో చెప్పవలెను. ఇండియన్ సూపర్ లీగు పోటీలలో 2022-23 సంవత్సరమున ఒక క్రొత్త నియమము వచ్చెను. లీగు పట్టికలో మొదటి రెండు స్థానములు పొందిన జట్లు నేరుగా సెమీఫైనలునకు పోవుచుండెను. మూడు మొదలు ఆరవ స్థానము వరకు గల నాలుగు జట్లు ఒక్కొక్క ఆట మాత్రమే యాడి, అందు గెలిచినవి ముందుకు సాగుచుండెను. ఆ ఆట పట్టికలో మీదనున్న జట్టు యొక్క సొంత మైదానముననే జరుగుచుండెను. కాబట్టి సొంత మైదానమున ఆడు భాగ్యము ఊరక లభించునది కాదు. సంవత్సరమంతయు ఆడి సంపాదించుకొనవలసినది. ఆ యేడు బెంగుళూరు జట్టు ఆరంభమున మిక్కిలి వెనుకబడెను. పిమ్మట లీగు చివరి ఎనిమిది ఆటలను వరుసగా గెలిచి, 34 పాయింట్లతో నాలుగవ స్థానమునకు చేరెను. ఐదవ స్థానమున 31 పాయింట్లతో కేరళ బ్లాస్టర్స్ జట్టు నిలిచెను. ఈ రెండింటికిని బెంగుళూరు శ్రీ కంఠీరవ మైదానమున పోటీ నిర్ణయమయ్యెను.

ఆ మైదానమునకును ఒక చరిత్ర కలదు. అది పూర్వము సంపంగి చెఱువు. చెఱువు క్రమముగా పూడి, మెట్టగా మారగా, ఆ స్థలమున ఆటస్థలము వెలసెను. 17వ శతాబ్దమున మైసూరు నేలిన కంఠీరవ నరసరాజ ఒడెయరు పేరు దానికి పెట్టబడెను. నేటి క్రీడాప్రాంగణము 1997లో బెంగుళూరున జరిగిన జాతీయ క్రీడల కొఱకు సిద్ధమైనది. నీరు నిలిచిన చోట జనము నిలుచుట నగరముల చరిత్రలో క్రొత్త కాదు.

ఫుట్‌బాలు బెంగుళూరునకు దండుతోపాటు వచ్చెను. ఆంగ్ల సైనికుల దండు ప్రాంతమున, దాని చుట్టునున్న పేటలలో ఆట వ్యాపించెను. అలసూరు చెఱువు ప్రక్కన స్థావరము గల మద్రాసు సాపర్స్ దళమున తమిళులతోపాటు తెలుగువారును చేరియుండిరి. బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును చిరకాలము ఆంగ్ల సైనిక జట్లే గెలుచుచుండగా, 1937లో దానిని మొదట గెలిచిన భారతీయ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్. మరుసటి యేడు, 1938లో, ఆ జట్టే దానిని మరల గెలిచెను.

రాష్ట్రజట్ల నడుమ జరుగు సంతోష్ ట్రోఫీ చరిత్ర సొంత మైదానపు మహిమను ఇంకను స్పష్టముగా చూపును. మైసూరు జట్టు దానిని నాలుగుమారులు గెలిచెను: 1946-47, 1952-53, 1967-68, 1968-69. నాలుగుమారులును ఓడినది వంగజట్టే. ఈ నాలుగింటిలో 1967-68 విజయము మాత్రము కటకమున లభించినది. తక్కిన మూడును బెంగుళూరుననే లభించినవి. వంగదేశము ఆ కాలమున ఫుట్‌బాలునకు రాజధాని వంటిది. అట్టి జట్టును తమ కన్నులయెదుట తమవారు ఓడించుట చూచిన తరము, ఆ కథను పిల్లలకు చెప్పకుండునా? అభిమానము ఆస్తివలెనే తండ్రినుండి కొడుకునకు సంక్రమించును.

ఇదే కాలమున తెలుగుదేశమునను ఈ ఆట ఉచ్చస్థితి నందెను. సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుమారులు రోవర్స్ కప్పును గెలిచెను. హైదరాబాదు జట్టు 1956-57లోను, 1957-58లోను సంతోష్ ట్రోఫీని గెలిచెను. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో గెలిచెను. 1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడలలో రహీము శిక్షణలోని భారతజట్టు స్వర్ణపతకమును పొందెను. ఆ జట్టున సికిందరాబాదు ప్రాంతమువాడగు తులసీదాస్ బలరాము, బెంగుళూరువాడగు అరుమైనాయగము కలసి ఆడిరి. అంతకు పూర్వమే కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బున 'పంచపాండవులు' అని పేరొందిన ఐదుగురు ముందువరుస ఆటగాండ్రలో బెంగుళూరు అహమ్మదు ఖానును, ధనరాజును ఉండిరి. వారి ప్రక్కన నిలిచి ఆడినవాడు అప్పారావు. ఆ పేరును తెలుగు పాఠకునికి వేరుగా పరిచయము చేయనక్కరలేదు. రాష్ట్రముల సరిహద్దులు గీయక పూర్వమే దక్షిణదేశపు ఆటగాండ్రు ఒకే పంక్తిని భుజించిరని దీనివలన తెలియుచున్నది.

స్వాతంత్ర్యమునకు కొంచెము ముందును తరువాతను బెంగుళూరున పెద్ద కర్మాగారములు లేచెను. 1940లో విమానముల కర్మాగారము, 1948లో టెలిఫోను కర్మాగారము, పిమ్మట గడియారములు, ఎలెక్ట్రానిక్సు మొదలగునవి స్థాపితమయ్యెను. వీనిలో పనికై కోలారు, చిత్తూరు, అనంతపురము సీమలనుండి తెలుగు కుటుంబములు వచ్చి చేరెను. అంతకు ముందే చిక్కపేట, బళేపేట ప్రాంతములలో తెలుగు వర్తకులు స్థిరపడియుండిరి. హెచ్.ఏ.ఎల్., ఐ.టి.ఐ. వంటి కర్మాగారములకు సొంత ఫుట్‌బాలు జట్లుండెను. కర్మాగారపు కార్మికునికి తన జట్టు కర్మాగారపు జట్టే. అందాడువాడు కన్నడిగుడో, తమిళుడో, తెలుగువాడో అను విచారము అతనికి లేదు. యంత్రము ప్రక్కన యంత్రము త్రిప్పువాడు గోలు వేసినచో అది తన గోలే. తెలుగువారు బెంగుళూరును తమ యూరుగా చేసికొన్న మార్గములలో ఇదియు ఒకటియని గ్రహింపవలెను.

నేటి బెంగుళూరు ఫుట్‌బాలు క్లబ్బు 2013లో స్థాపితమయ్యెను. మొదటి సంవత్సరముననే ఐ-లీగు విజేతయై దేశమును ఆశ్చర్యపరచెను. ఆ యేడు అశోకనగరు ఫుట్‌బాలు మైదానమున ఆడి, 2014లో కంఠీరవమునకు మారెను. 'వెస్ట్ బ్లాక్ బ్లూస్' అను అభిమానిసంఘము పడమటి వసారాను తన స్థానముగా చేసికొని, నీలివస్త్రములు ధరించి, ఆట సాగినంతసేపు నిలుచుండి పాడుట ఆచారముగా నేర్పరచెను. ఆ జట్టునకు నాయకుడుగా నుండిన సునీలు ఛేత్రి 1984లో సికిందరాబాదున జన్మించెను. అయినను బెంగుళూరువారు అతనిని తమవానిగనే ఎంచుచున్నారు. పుట్టిన యూరొకటి, పేరు తెచ్చిన యూరొకటి. ఈ రెండింటికి వైరములేదని తెలుగు వలసకుటుంబములకు వేరుగా బోధింపవలసిన పనిలేదు.

కంఠీరవమున జరిగిన గొప్ప పోటీల జ్ఞాపకములు తీపియు చేదును కలసినవి. 2016 అక్టోబరు 19న మలేషియా దేశపు జోహోరు జట్టును 3-1 గోలులతో ఓడించి, ఏ.ఎఫ్.సి. కప్పు ఫైనలు చేరిన మొదటి భారతీయ క్లబ్బు అను ఖ్యాతిని బెంగుళూరు పొందెను. 2018 మార్చి 11న పూనా జట్టుపై ఛేత్రి ఒక్కడే మూడు గోలులు వేసెను. కాని ఆరు దినములకే, మార్చి 17న, అదే మైదానమున లీగు ఫైనలులో చెన్నయిజట్టు చేతిలో 2-3 తేడాతో బెంగుళూరు ఓడెను. సొంత మైదానము గెలుపునకు హామీ కాదని అభిమానులు ఆ రాత్రి నేర్చుకొనిరి. మరుసటి యేడు సెమీఫైనలు మొదటి ఆటలో గౌహతియందు 1-2తో ఓడియు, ఇంటికి వచ్చి 3-0తో గెలిచి, చివరకు కప్పును సాధించిరి. 2020 మార్చి 1న కలకత్తాజట్టుపై 1-0తో గెలిచినను, రెండవ ఆట కలకత్తాలో ఓడి నిష్క్రమించిరి.

అటుపిమ్మట మహమ్మారి వచ్చెను. 2020-21, 2021-22 సంవత్సరముల పోటీలన్నియు గోవాలో జరిగెను. జట్టు ఆడుచుండెను గాని దానికి ఊరు లేకుండెను. అభిమానులుండిరి గాని వారికి వసారా లేకుండెను. కాబట్టి 2023 మార్చి 3 నాటి పోటీ కంఠీరవమున మూడేండ్ల తరువాత జరుగు మొదటి నాకౌటు పోటీ. ఆ వారమున అభిమానుల నిరీక్షణ ఎట్టిదో ఊహించుటకు ఈ లెక్క చాలును. ఎనిమిది వరుస విజయములు ఒక వైపు ధైర్యము చెప్పుచుండెను. 2018 నాటి ఓటమి మరియొక వైపు హెచ్చరించుచుండెను. ఒక్క ఆటయే, ఓడినచో సంవత్సరమంతయు చేసిన కృషి ఆ రాత్రితో ముగియును.

ఈ నిరీక్షణలో మరియొక చిక్కు కలదు. ప్రత్యర్థి కేరళజట్టు. బెంగుళూరున స్థిరపడిన మలయాళులలో అనేకులు పుట్టిన నాటి జట్టు పక్షమువారు. వారు పసుపువస్త్రములతో వేలకొలది వచ్చిరి. ఏండ్ల తరబడి బెంగుళూరు నీరు త్రాగుచున్నవారు ఆ దినమున బెంగుళూరునకు వ్యతిరేకముగా కేకలు వేయుట కొందరికి కష్టము కలిగించెను. కాని ఇందు తప్పుపట్టవలసిన దేమియు లేదు. మాతృభాష పిలిచినప్పుడు పలుకుట మనుష్యస్వభావము. అట్లే హైదరాబాదు జట్టు కంఠీరవమునకు వచ్చినప్పుడు బెంగుళూరు తెలుగువాని మనస్సు ఎటు మ్రొగ్గునను ప్రశ్నయు సహజమే. నిన్న మొన్న ఉద్యోగమునకై వచ్చిన యువకుడు హైదరాబాదు పక్షమున నిలువవచ్చును. కాని తాతతండ్రులనాటినుండి ఇచ్చట నున్నవానికి ఆ ప్రశ్న అంత కఠినము కాదు. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, మైదానమున బెంగుళూరు అని అతడు నిశ్చింతగా చెప్పగలడు. ఒకటి పెరిగినంత మాత్రమున మరియొకటి తరుగదు.

ఆ పోటీ ఫలితము సుప్రసిద్ధము. నియమితకాలమున ఇరువైపుల గోలు పడలేదు. అదనపు సమయమున, 96వ నిముసమున, ఎదుటివారు అడ్డుగోడ కట్టుకొనక పూర్వమే ఛేత్రి ఫ్రీకిక్కును గోలులోనికి పంపెను. కేరళ శిక్షకుడు ఆగ్రహించి తన ఆటగాండ్రను మైదానమునుండి వెలుపలికి పిలిచెను. వారు తిరిగి రాలేదు. బెంగుళూరు గెలిచినట్లు ప్రకటింపబడెను. న్యాయాన్యాయములను గూర్చిన వాదము నేటికిని సాగుచున్నది. సెమీఫైనలున ముంబయిజట్టును కంఠీరవముననే పెనాల్టీలలో 9-8తో ఓడించి, మార్చి 18న గోవాలో ఫైనలున పెనాల్టీలతోనే బెంగుళూరు ఓడెను. మార్చి 3కు మరునాడే, 4వ తేదీన, సౌదీ అరేబియా రాజధాని రియాదులో కర్ణాటకజట్టు మేఘాలయను 3-2తో ఓడించి, 54 ఏండ్ల తరువాత సంతోష్ ట్రోఫీని గెలిచెను. మైసూరు తాతల కథకు మనుమల కాలమున కొనసాగింపు కలిగెను.

హైదరాబాదు కథ వేరు. 2019లో స్థాపితమైన హైదరాబాదు ఫుట్‌బాలు క్లబ్బు 2022 మార్చి 20న లీగు కప్పును గెలిచెను. కాని అది గోవాలో లభించిన గెలుపు. సొంత మైదానమగు గచ్చిబౌలిలో ఆ జట్టు ఆడిన మొదటి సెమీఫైనలు 2023 మార్చి 9న, కంఠీరవపు పోటీకి ఆరు దినముల తరువాత జరిగెను. గోలులు లేక ఆట ముగిసెను. కలకత్తాలో రెండవ ఆట తరువాత పెనాల్టీలలో హైదరాబాదు ఓడెను. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలి, పేరును మార్చుకొనెను. రహీము నగరమున గచ్చిబౌలి వసారాలలో కూర్చున్నవారు ఎచ్చటికిని పోలేదు, జట్టే పోయినది.

ఈ రెండు నగరముల కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సత్యము తేటపడును. సొంత మైదానము జట్టుయజమాని ఇచ్చునది కాదు, పుట్టుకతో వచ్చునదియు కాదు. ఓటమి తరువాతను మరల వచ్చి కూర్చుండువారి వలన అది నిలుచును. ఇతర రాష్ట్రములలో తెలుగుభాష నిలుచుటయు ఈ రీతిదే. పాఠశాలలో తెలుగు తరగతికి పిల్లలు వచ్చినంతవరకు అది వారి సొంత స్థలము. రానినాడు గోడమీది పేరు మాత్రము మిగులును. మన 'ఆట' కన్నడమున 'ఆట'యే. మన 'గెలుపు' వారి 'గెలువు'. ఫుట్‌బాలును వారు 'కాల్చెండు' అన్నచో, చెండు అనగా బంతియని తెలుగు బాలునకు నిఘంటువు అక్కరలేదు. ఇట్టి పొరుగున నుండుట నష్టము కాదు, సంపద.

కాబట్టి కర్ణాటక తెలుగువారి చరిత్రకై సామగ్రిని సేకరించువారు తాళపత్రములతోపాటు కర్మాగారజట్ల ఛాయాచిత్రములను, పాత టిక్కెట్లను, సంతోష్ ట్రోఫీ విజయములను కన్నులార చూచిన వృద్ధుల మాటలను గూడ భద్రపరుపవలెను. 1968-69 నాటి ప్రేక్షకులలో మిగిలినవారు నేడు కొలదిమంది. వారు చెప్పునది వ్రాసికొనక జారవిడిచినచో, ఆ లోటును తరువాత ఏ శాసనమును పూరింపజాలదు.