నడగాం శాసనములోని మూడు మాటలు

జర్మనీ దేశపు పాత దేవాలయములపై కొన్ని లాటిన్ వాక్యములందు నడుమ నడుమ పెద్ద అక్షరములు కనబడును. చెక్కినవాని పొరపాటు కాదది. వాటిని రోమన్ అంకెలుగా తీసికొని కూడినచో సంవత్సరము తేలును. ఇట్టి చిక్కుముడి మన శ్రీకాకుళం సీమలోను ఒకటి కలదు.

నరసన్నపేట ప్రాంతపు నడగాం తామ్రశాసనము కళింగమేలిన గాంగరాజు వజ్రహస్తునిది. ఆయన పట్టాభిషేకపు శకవర్షమును అందలి సంస్కృత శ్లోకము ఆకాశము, ఋతువు, నిధి అను మాటలతో తెలుపుచున్నది. ఆకాశము శూన్యము గనుక సున్న. ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. ఉన్న వరుసలో చదివినచో 069 అగును. రాజు దాదాపు తొమ్మిది వందల ఏండ్లు వెనుకకు పోవును! అయితే ఒకట్ల స్థానము ముందు చెప్పుట ఈ లెక్కకు ఆచారము. కావున అది 960. 78 కలిపిన క్రీ.శ. 1038. శాసనము వేయించినది శకవర్షము 979లో గనుక రెండును చక్కగా పొసగును.

దీనిని ‘ఎపిగ్రాఫియా ఇండికా’ నాల్గవ సంపుటములో ప్రకటించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, పాత లిపులను గురువు లేకయే నేర్చుకొనిరి. వ్యావహారిక భాషకై పోరాడిరనియు, సవర భాషకు నిఘంటువు కూర్చిరనియు అందరమెరుగుదుము. ఈ పని సంగతి ఎరిగినవారు తక్కువ. గాంగుల రాజధాని కళింగనగరము కళింగపట్నమేనని ఫ్లీట్ పండితుడు తలచగా, కాదు, వంశధార ఒడ్డునున్న ముఖలింగమని వాదించినదియు ఆయనే.