పాదముగల గిన్నెలు, పానపాత్రములు

చషకము, పానపాత్రము అను శబ్దములను అమరకోశము పర్యాయములుగాఁ బేర్కొనుచున్నది. శబ్దార్థ మొక్కటియే యైనను వస్తురూపము సర్వకాలములందు నొక్కటి కాదు. గిన్నె క్రింద పాదమును జేర్చి యెత్తు చేయుట యవనసంపర్కముచే నాంధ్రులకు నలవడెనని తోఁపవచ్చును. నాగార్జునకొండయందలి యిక్ష్వాకుల కాలపు స్తంభముపైఁ గొమ్ము వంటి పానపాత్రను ధరించిన గడ్డపు పురుషుఁడు చెక్కఁబడియుండుటయే యీ తలంపునకుఁ గారణము. ఆ మూర్తి యవనుల మద్యదేవతయగు డయొనీససును బోలియున్నది. కాని యా కొమ్మునకుఁ బాదము లేదు. కావున నా శిల్పము పాదోత్పత్తికి సాక్ష్యము గానేరదు.

పాదవిషయమై మృణ్మయపాత్రలనే పరిశీలింపవలెను. మార్కాపురము, గిద్దలూరు సీమలు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. నల్లమలకుఁ దూర్పుననున్న గిద్దలూరికిని, పడమటనున్న నంద్యాల లోయకును నందికనుమ మార్గము. కమియేడు, బర్కిట్టు అను పండితులు ఈ కొండల తూర్పు ప్రాంతములందలి శిలాయుధములఁ గూర్చి 1930లోను, సౌందరరాజన్ గిద్దలూరి పరిసరములందలి వానిఁ గూర్చి 1952లోను వ్రాసిరి. కావున నిచట మానవనివాస మతిప్రాచీనము.

కనుమకు ఆవలిదిక్కున బనగానపల్లె చెంత పాటపాడున దొరకిన గిన్నెలు ఎఱ్ఱని పూతపై నల్లని, ఊదా వన్నెల చిత్రణముతో నొప్పుచు, పొడుగైన కాలువవంటి మూతి గలిగియున్నవి. అవి యవనుల రాకకు మిక్కిలి పూర్వపువి. ద్రవము నొంపుటకుఁ దగిన యలంకృతపాత్ర యిచటి కుమ్మరికిఁ గ్రొత్త గాదని వీనివలనఁ దెలియుచున్నది.

తరువాతి యినుపయుగపు సమాధులలో నలుపు, ఎఱుపు వన్నెల పాత్రలు కానవచ్చును. కుండను బోరగిలఁబెట్టి కాల్చుటచే లోపలికిని అంచునకును గాలి సోఁకక నలుపెక్కుననియు, వెలుపలి భాగ మెఱ్ఱనగుననియుఁ బండితుల వివరణము. వీని యడుగు గుండ్రన. నేలపై నిలుపుటకై మట్టితోఁ జేసిన వలయాకారపు కుదుళ్లును వానితోఁ గలసి దొరకుచున్నవి. ఈ కుదురు గిన్నెకు అతుకని పాదమే. కావున పాత్రను ఎత్తున నిలుపు భావము ఈ దేశముననే కలదు. కుదురును గిన్నెకు నతికించుట తరువాతి మెట్టు కావచ్చును.

ఒక్క హెచ్చరిక. విఱిగిన పాదమును తలక్రిందుగాఁ జూచినచో మూఁతగాఁ దోఁచును. నడుమ అతుకు విఱిగిన గుర్తు గలదేమో చూచి నిర్ణయింపవలెను. దొరకిన చోటు వ్రాయక పెంకును గొనిపోయినచో దాని చరిత్ర యక్కడనే నశించును. పాఠశాలలఁ జేరిన పెంకులకైనను ఊరి పేరును, చేని గుర్తును వ్రాసి యుంచుట పండితుల కర్తవ్యము.