అలాన్ షెపర్డ్: చంద్రుడి మీద గోల్ఫ్ ఆడిన నౌకాదళ అధికారి

చంద్రుడి మీద ఇప్పటివరకు 12 మంది నడిచారు. వారిలో అక్కడ గోల్ఫ్ బంతి కొట్టింది ఒక్కరే. ఆయనే అమెరికా నౌకాదళంలో రియర్ అడ్మిరల్‌గా పదవీ విరమణ చేసిన అలాన్ బార్ట్‌లెట్ షెపర్డ్. అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి అమెరికన్ కూడా ఆయనే. ఈ రెండు ఘనతల మధ్య దాదాపు పదేళ్ల ఎదురుచూపు, ఆయన్ని నేలకు కట్టిపడేసిన ఒక చెవి జబ్బు ఉన్నాయి.

బాల్యం, నౌకాదళం

షెపర్డ్ 1923 నవంబర్ 18న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలోని డెర్రీలో పుట్టారు. విమానాలంటే చిన్నప్పటి నుంచే పిచ్చి. దగ్గర్లోని విమానాశ్రయానికి సైకిల్ మీద వెళ్లి చిన్నాచితకా పనులు చేసి పెట్టేవారు. 1944లో అనాపొలిస్‌లోని నౌకాదళ అకాడమీలో చదువు పూర్తి చేశారు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో పసిఫిక్ సముద్రంలో కాగ్స్‌వెల్ అనే డిస్ట్రాయర్ యుద్ధనౌక మీద పనిచేశారు. 1947లో నౌకాదళ పైలట్ అయ్యారు. ఆ తర్వాత కొత్త విమానాలను పరీక్షించే టెస్ట్ పైలట్‌గా పేరు తెచ్చుకున్నారు.

పదిహేను నిమిషాల ప్రయాణం

1959 ఏప్రిల్‌లో నాసా ఎంపిక చేసిన మొదటి ఏడుగురు వ్యోమగాముల్లో షెపర్డ్ ఒకరు. 1961 ఏప్రిల్ 12న సోవియట్ యూనియన్‌కు చెందిన యూరీ గగారిన్ అంతరిక్షంలోకి వెళ్లి వచ్చారు. మూడు వారాల తర్వాత, మే 5న, షెపర్డ్ వంతు వచ్చింది. ప్రయోగం ఆలస్యం కావడంతో ఇరుకైన క్యాప్సూల్‌లో నాలుగు గంటలకు పైగా కూర్చోవాల్సి వచ్చింది. ఫ్రీడమ్ 7 అనే ఆ నౌక సుమారు 187 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, పదిహేను నిమిషాల్లో అట్లాంటిక్ సముద్రంలో దిగింది. గగారిన్ భూమిని చుట్టి వస్తే, షెపర్డ్ పైకి వెళ్లి కిందికి దిగారు, అంతే. అయినా అమెరికన్లకు ఆయన రాత్రికి రాత్రే హీరో అయిపోయారు.

నేలకు కట్టేసిన జబ్బు

1963లో షెపర్డ్‌కు ఉన్నట్టుండి తల తిరగడం, వాంతులు, చెవిలో హోరు మొదలయ్యాయి. మెనియర్స్ వ్యాధి అని డాక్టర్లు తేల్చారు. లోపలి చెవిలో ద్రవం ఒత్తిడి పెరిగి, మనిషి నిలకడ దెబ్బతినే జబ్బు అది. దాంతో నాసా ఆయన్ని అంతరిక్ష ప్రయాణాల నుంచి తప్పించింది. వ్యోమగాముల విభాగానికి అధిపతిగా పెట్టారు. తోటివారు ఒక్కొక్కరే పైకి వెళ్తుంటే ఆయన ఆఫీసు బల్ల దగ్గర కూర్చున్నారు. కానీ ఉద్యోగం వదల్లేదు. 1968లో లాస్ ఏంజెలెస్‌లో అప్పటికి కొత్తదైన ఒక ఆపరేషన్ చేయించుకున్నారు. చెవిలోని ద్రవం బయటికి పోయేలా సన్నటి గొట్టం అమర్చారు. అది ఫలించింది. 1969లో మళ్లీ అనుమతి వచ్చింది.

మొదట ఆయన బృందాన్ని అపోలో 13కి అనుకున్నారు. శిక్షణకు ఇంకొంత సమయం కావాలని పైఅధికారులు భావించడంతో అపోలో 14కి మార్చారు. ఆ అపోలో 13లోనే దారిమధ్యలో ఆక్సిజన్ ట్యాంకు పేలింది.

చంద్రుడి మీద రెండు బంతులు

1971 ఫిబ్రవరి 5న షెపర్డ్, ఎడ్గార్ మిచెల్ చంద్రుడి మీద ఫ్రా మౌరో ప్రాంతంలో దిగారు. స్టూవర్ట్ రూసా పైన కక్ష్యలో ఉన్నారు. అప్పటికి షెపర్డ్ వయసు 47. చంద్రుడి మీద నడిచినవారిలో అందరికంటే పెద్దవారు ఆయనే. రెండో రోజు కోన్ అనే బిలం అంచు వెతుక్కుంటూ వాలు ఎక్కారు. బాగా అలసిపోయి, అంచుకు చాలా దగ్గరి దాకా వచ్చి కూడా అది కనిపించక వెనక్కి తిరిగారు. దాదాపు 43 కిలోల రాళ్లు, మట్టి తెచ్చారు.

పనంతా అయ్యాక షెపర్డ్ గోల్ఫ్ బంతి బయటికి తీశారు. హాస్యనటుడు బాబ్ హోప్ ఒకసారి గోల్ఫ్ కర్ర పట్టుకుని నాసాకు వచ్చినప్పుడు ఆయనకు ఈ ఆలోచన తట్టింది. డైరెక్టర్ రాబర్ట్ గిల్రూత్ మొదట కుదరదన్నారు. పనులన్నీ సవ్యంగా జరిగితేనే ఆడాలన్న షరతు మీద తర్వాత ఒప్పుకున్నారు. మట్టి నమూనాలు తీసే పరికరం పిడికి ‘సిక్స్ ఐరన్’ గోల్ఫ్ కర్ర తలను బిగించారు. స్పేస్ సూట్ బిగుతుగా ఉండటంతో ఒంటి చేత్తోనే కొట్టాలి. మొదటి దెబ్బలకు బంతి కంటే మట్టే ఎక్కువ లేచింది. చివరి దెబ్బకు బంతి మైళ్ల కొద్దీ పోయిందని ఆయన సరదాగా అన్నారు. యాభై ఏళ్ల తర్వాత ఫొటోలను శుభ్రం చేసి లెక్కిస్తే మొదటి బంతి 24 గజాలు, రెండోది 40 గజాలు వెళ్లినట్టు తేలింది. ఆ కర్ర ఇప్పుడు అమెరికా గోల్ఫ్ సంఘం మ్యూజియంలో ఉంది. బంతులు చంద్రుడి మీదే ఉన్నాయి.

కుటుంబం, విశ్రాంత జీవితం

1945 మార్చిలో షెపర్డ్, లూయీస్ బ్రూయర్‌ను పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. 1956లో లూయీస్ తోబుట్టువు చనిపోతే, ఆమె చిన్నారి కూతుర్ని ఇంటికి తెచ్చుకుని సొంత బిడ్డలా పెంచారు.

1974 ఆగస్టు 1న నాసా నుంచీ, నౌకాదళం నుంచీ విరమించారు. తర్వాత వ్యాపారాల్లో బాగా సంపాదించారు. గోల్ఫ్‌కు పేరుపొందిన కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో ఇల్లు కట్టుకున్నారు. 1984లో మిగతా మెర్క్యురీ వ్యోమగాములతో కలిసి ఒక ఫౌండేషన్ మొదలుపెట్టారు. సైన్స్, ఇంజనీరింగ్ చదివే విద్యార్థులకు అది నేటికీ స్కాలర్‌షిప్‌లు ఇస్తోంది.

1996లో లుకేమియా బయటపడింది. 1998 జూలై 21న, 74వ ఏట షెపర్డ్ కన్నుమూశారు. ఐదు వారాలకే, ఆగస్టు 25న, విమానంలో ఇంటికి వస్తుండగా లూయీస్ కూడా గుండెపోటుతో చనిపోయారు. ఊళ్లో లేనప్పుడు ఆయన రోజూ ఆమెకు ఫోన్ చేసే సాయంత్రం ఐదు గంటల వేళకే ఆమె ప్రాణం పోయిందని చెబుతారు. వాళ్లది 53 ఏళ్ల కాపురం. ఇద్దరి చితాభస్మాన్ని నౌకాదళ హెలికాప్టర్ నుంచి, వాళ్ల ఇంటి ఎదుటి సముద్రంలో కలిపారు.

2021 డిసెంబర్ 11న పెద్ద కూతురు లారా షెపర్డ్ చర్చ్‌లీ అంతరిక్షపు అంచు దాకా వెళ్లి వచ్చారు. బ్లూ ఆరిజిన్ సంస్థకు చెందిన ఆ రాకెట్ పేరు ‘న్యూ షెపర్డ్’. అది ఆమె తండ్రి పేరు మీద పెట్టిందే.